బట్టీ తలుపు తీసినవాడు

పొద్దున్నే స్నానాల గదిలో నల్లా తిప్పి, బోర్లించిన బక్కెట్టు మీద పది నిమిషాలు ఊరికే కూర్చోవడం మహిపాల్‌కి ఈమధ్య అలవాటైంది. నీళ్ళు తమ మానాన తాము గచ్చు మీద పడి తూములోకి పోతుంటాయి. ఈయనగారి ఒంటి మీద చుక్క పడదు. ఎదురుగా గోడ మీద పెచ్చులూడిన చోటు వైపు చూస్తూ కూర్చుంటాడు. చిల్కానగర్‌లోని ఆ అద్దె ఇంటి నుంచి నాచారంలోని ఫ్యాక్టరీ దాకా ఫోను చేరని చోటు అదొక్కటే మరి. గాజు ఫ్యాక్టరీకి మేనేజరైన ఈ రెండేళ్ళలో ఆయన సంపాదించుకున్న సొంత జాగా కూడా అదే.

ఆ గురువారం కూడా అలాగే కూర్చుని, చివర్లో రెండు చెంబులు గబగబా గుమ్మరించుకుని బయటికి వచ్చేసరికి మంచం మీది ఫోనులో ఆరు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఆరూ ఓనరు రామ్మోహనరావువే. భార్య సంతోషి పెట్టిన ఉప్మా రెండు ముద్దలు తిని, మహిపాల్ బండి తీశాడు.

ఫ్యాక్టరీలో చేసేది ల్యాబుల సామాను. ఫ్లాస్కులు, కండెన్సర్లు, రకరకాల గొట్టాలు. కింద పొడుగాటి షెడ్డులో తొమ్మిది బర్నర్లున్న వరసలో చివరిది తప్ప అన్నీ మండుతుంటాయి. ఒక్కొక్క మంట ముందు ఒక్కొక్క మనిషి కూర్చుని గాజుని వేడి చేసి, తిప్పుతూ, ఊదుతూ, అతుకుతూ ఉంటాడు. పైన ఇనప మెట్లెక్కితే మేనేజరు గది. బావ పదమూడేళ్ళు కింద గాజు ఊది, పదమూడు మెట్లెక్కి పైన కూర్చున్నాడని మహిపాల్ బావమరిది సురేష్ బోడుప్పల్ అంతా చెప్పుకున్నాడు. మెట్లు నిజానికి పదిహేడు. అయినా ప్లాట్లు అమ్మేవాడికి అంకెల పట్టింపు ఉండదు కదా.

ఆ గదిలో రామ్మోహనరావు అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నాడు. బల్ల మీద అట్టపెట్టె. అందులో పగిలిన ఫ్లాస్కులు. చర్లపల్లిలోని ఒక మందుల కంపెనీకి పదిహేను రోజుల కింద పంపిన నలభైలో పధ్నాలుగు వాడుకలో పగిలిపోయాయట. ఒకటి వేడి ద్రవంతో సహా పగిలి, అక్కడ పనిచేసే ఒకామె చేతికి బొబ్బలెక్కాయట. కారణమేమిటో రాసిమ్మని వాళ్ళు ఉత్తరం పంపారు.

కారణం రామ్మోహనరావు దగ్గర తయారుగా ఉంది. ఫ్లాస్కులకి మెడలు అతికింది హన్మయ్య. ఆయనకి అరవై దగ్గర పడుతున్నాయి, చూపు తగ్గింది, అతుకు సరిగా పడలేదు, అందుకని అతన్ని పనిలోంచి తీసేస్తున్నాం అని రాస్తే సరిపోతుంది. ఆ కాగితం శనివారానికి తన బల్ల మీద ఉండాలి. సోమవారం నుంచి మహిపాల్ చర్లపల్లిలో పెడుతున్న కొత్త యూనిట్‌కి జనరల్ మేనేజరు. ఈ మూడు సంగతులూ ఆయన ఒకే ఊపిరిలో చెప్పాడు.

"సరే సార్," అన్నాడు మహిపాల్. రెండేళ్ళుగా ఆయన నోటి వెంట ఎక్కువసార్లు వచ్చిన మాట అదే.

జనరల్ మేనేజరు సంగతి మధ్యాహ్నానికల్లా బంధువులందరికీ తెలిసిపోయింది. మహిపాల్ సంతోషికి చెప్పాడు, సంతోషి తమ్ముడికి చెప్పింది, సురేష్ ఆదివారం విందుకి యాటను కోస్తానని పదిహేను మందిని పిలిచేశాడు.

భోజనాల వేళ కింద షెడ్డు ఖాళీ అయ్యాక మహిపాల్ అట్టపెట్టె ఎత్తుకుని మెట్లు దిగాడు. షెడ్డు చివర కిటికీ లేని చిన్న గది ఉంది. అందులో గాజుని పరీక్షించే పెట్టె ఉంటుంది. వెనక దీపం, దాని ముందు రెండు రంగుటద్దాలు. ఆ అద్దాల మధ్య గాజుని పట్టుకుని చూస్తే లోపలి సంగతి బయటపడుతుంది. నిమ్మళంగా చల్లారిన గాజైతే అంతా ఒకే ఊదా రంగు. తొందరపెట్టి చల్లార్చినదైతే లోపల ఉండిపోయిన బిగువు నీలంగా, నారింజగా చారలు కడుతుంది. ఉత్త కంటికి మాత్రం రెండూ ఒకటే. రెండూ తళతళలాడతాయి.

ఊదిన సామానుని అందుకే బట్టీలో పెట్టి కాల్చి, బట్టీ ఆర్పేసి, తలుపు తియ్యకుండా మర్నాటి పొద్దుటిదాకా వదిలేస్తారు. ఊదడం ఎంత పనో, అలా ఊరుకోవడం అంత పని.

మహిపాల్ ఒక్కొక్క పెంకునీ దీపం ముందు పట్టాడు. హన్మయ్య అతికిన మెడలు ఎక్కడా చెదరలేదు. అతుకు చుట్టూ వేలు పోనిచ్చాడు. గాజు ఎక్కడ మొదలైందో ఎక్కడ కలిసిందో వేలికి తెలియలేదు. పగులు ప్రతిదానికీ అడుగున పుట్టింది. అడుగు నుంచి గుండు మీదుగా పాక్కుంటూ వచ్చి, మెడ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. హన్మయ్య చెయ్యి తాకని అడుగు భాగంలో నీలం, నారింజ చారలు పొలం గట్లలాగా పరుచుకుని ఉన్నాయి. తప్పు అతకడంలో లేదు, చల్లార్చడంలో ఉంది. బట్టీ తలుపు ముందే తీశారు.

ఎవరు తియ్యమన్నారో ఆయనకి గుర్తు చేసుకోవలసిన పని లేకపోయింది. సరుకు పంపిన రోజు ఉప్పల్ రింగురోడ్డు దగ్గర మెట్రో స్తంభాల కోసం తవ్విన గుంతల పక్కన, కదలని లారీల మధ్య, హెల్మెట్లో ఫోను దోపుకుని ఉన్నాడు తను. హన్మయ్య ఫోను చేశాడు. ఇప్పుడే బట్టీ ఆర్పేశామని, సరుకు రేపు పొద్దున తీస్తామని చెప్పాడు. పార్టీ వాళ్ళ మనిషి గేటు దగ్గర వ్యాను పెట్టుకుని ఉన్నాడు, నాలుగింటికే తీసెయ్యండి అన్నాడు తను. గాజు ఇంకా చల్లారలేదు సార్ అని హన్మయ్య రెండుసార్లు అన్నాడు. చల్లారేదాకా పార్టీ ఆగుతాడా అని తను ఒకసారే అన్నాడు. ఆ ఒక్కసారితోనే పని జరిగిపోయింది.

వెనక అలికిడైతే తిరిగి చూశాడు. హన్మయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి, ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు. పదిహేనేళ్ళ కింద మోత్కూరు నుంచి వచ్చిన మహిపాల్‌ని మంట ముందు కూర్చోబెట్టి, గాజు వంకరపోయినప్పుడల్లా వేళ్ళ మీద, గాజుని సాపుచేసే బొగ్గుపుల్లతో కొట్టి పని నేర్పినవాడు. అప్పుడు ఒరేయ్ అనేవాడు. మహిపాల్ పై గదికి వెళ్ళిన రోజు నుంచి సార్ అంటున్నాడు.

తనని ఏమని రాసి తీసేస్తున్నారో ఆయనకి అప్పటికే తెలిసింది. పెంకులున్న అట్టపెట్టెలోకి ఒకసారి చూసి, నెమ్మదిగానే మాట్లాడాడు.

"ఒక్కటి అడుగుత సార్, ఏమనుకోకుండ్రి. కండ్లు కనవడ్తలెవ్వని రాయుండ్రి. తాగొచ్చిండని రాయుండ్రి, సంతకం వెడ్త. జాయింటు పగిలిందని మాత్రం రాయకుండ్రి. ముప్పై ఏండ్లల నా జాయింటు పగల్లే."

"నాకు తెల్సు మామా," అన్నాడు మహిపాల్. మామా అని పిలిచి రెండేళ్ళయింది. ఆ మాట నోటికి కొత్తగా తగిలింది.

"తెల్సినంక ఇంకేంది సార్," అని హన్మయ్య పనిలోకి వెళ్ళిపోయాడు.

మహిపాల్ అక్కడే ఉండిపోయాడు. ఉద్యోగం పోతుందంటే కదలని మనిషి, అతుకు మీద అబద్ధం రాస్తారంటే నడుచుకుంటూ వచ్చాడు. తన బతుకులో అలా ఎవరి ముందుకైనా వెళ్ళి నిలబడి, ఇది మాత్రం నాది, దీన్ని ముట్టుకోకండి అని చెప్పుకోదగింది ఏముందా అని వెతుక్కున్నాడు. పైన గదిలో అలాంటిది ఒక్కటీ కనిపించలేదు. సిగ్గనిపించింది. హన్మయ్య మీద అసూయ కూడా కలిగింది.

శుక్రవారం సాయంత్రం ఇంటికి త్వరగా వచ్చాడు. సంతోషి వరండాలో మెంతికూర తుంచుతోంది. పక్కన కూర్చుని తనూ రెండు కట్టలు ముందుకు లాక్కుని, తుంచుతూ తుంచుతూ మొత్తం చెప్పాడు. బట్టీ సంగతి, హన్మయ్య సంగతి, తన పేరే రాసి ఇవ్వాలనుకుంటున్న సంగతి, చర్లపల్లికి పోకుండా మళ్ళీ కింద బర్నరు దగ్గరికి పోవాలనుకుంటున్న సంగతి. చివరిదాకా విని ఆమె చేతిలోని కాడ పక్కన పెట్టింది.

సంతోషి ఊరికే కోప్పడే మనిషి కాదు. కోప్పడితే మాత్రం లెక్క తప్పదు. ఒక్క గది ఇంట్లో ఆరేళ్ళు ఎలా ఉన్నారో, వీధి నల్లా దగ్గర వంతు కోసం తనెన్ని మాటలు పడిందో, గ్లాసులూదేటోని పెండ్లామని ఎవరెవరు అన్నారో, ఇప్పుడిప్పుడే ఆ నోళ్ళే మేనేజరు సంతోషక్క అని ఎలా పిలుస్తున్నాయో అన్నీ చెప్పింది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

"నేను పొద్దుగాల స్నానం జేస్తలేను," అన్నాడు చివరికి. "బక్కెట్టు మీద కూసుంటున్న."

"తెల్సు."

ఆయన తల తిప్పి చూశాడు.

"నీళ్ళు గచ్చు మీద వడే సప్పుడు వేరే, మనిషి మీద వడే సప్పుడు వేరే. రెండేండ్ల సంది ఇంటున్న."

"మరి అడగకపోతివి."

"అడిగితే కొల్వు ఇడిశిపెడ్తనంటవని భయం," అంది సంతోషి. అని, కొంగుతో ముఖం తుడుచుకుని మెంతికూర గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రీ మాట్లాడలేదు, శనివారమూ మాట్లాడలేదు. కోపం మొగుడి మీదో తన మీదో ఆమెకే తేలలేదు.

శనివారం పదింటికి మహిపాల్ కాగితం రామ్మోహనరావు ముందు పెట్టాడు. ఐదే ఐదు వాక్యాలు. అతుకుల్లో దోషం లేదు. బట్టీ సరిగానే ఉంది. చల్లారకముందే తలుపు తియ్యమని ఆదేశించింది నేను. మిగిలిన ఇరవయ్యారు ఫ్లాస్కులు కూడా ప్రమాదమే, వాడొద్దు. వెనక్కి తెచ్చి మళ్ళీ కాల్చి ఇస్తాం. కింద సంతకం.

రామ్మోహనరావు చెడ్డవాడేమీ కాదు. పని జరిగిపోవాలనుకునేవాడు, అంతే. కాగితం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి నవ్వాడు.

"సరేనయ్యా, హన్మయ్య పేరు వద్దు. నీ పేరూ వద్దు. బట్టీలో సాంకేతిక లోపం అని రాసిపడేద్దాం. బట్టీకేమైనా నోరుందా, కాదనడానికి?"

మహిపాల్‌కి ఒక్క క్షణం ఒళ్ళంతా తేలికైపోయింది. ఇంత సులువని తనకి తట్టలేదు. హన్మయ్య ఉద్యోగం హన్మయ్యకి ఉంటుంది, చర్లపల్లి తనకి ఉంటుంది, ఆదివారం యాట తెగుతుంది, సంతోషి మాట్లాడుతుంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు. సరే సార్ అనే మాట నాలుక చివరికి వచ్చేసింది కూడా. అది అంత హాయిగా రావడం చూసి ఆయనకే భయం వేసింది.

"బట్టీ మంచిగనే ఉన్నది సార్," అన్నాడు.

"ఒక పొరపాటు జరిగింది. ఎవరికి జరగవు? మళ్ళీ చెయ్యవు కదా."

"చేస్త సార్. మల్ల ఫోను మోగితే మల్ల తలుపు తియ్యమంట. ఆ కుర్సీల కూసున్నంక నా నోట్లెకెళ్ళి అదే వస్తది. నన్ను కింద కూసోనియ్యుండ్రి."

రామ్మోహనరావు చాలాసేపు చెప్పాడు. మంచి అవకాశమని, నీ కింద పని చేసినవాళ్ళే నిన్ను చూసి నవ్వుతారని, జీతం పాతదే ఇవ్వాల్సి వస్తుందని, ఏడాది తిరిగేసరికి ఏడుస్తావని చెప్పాడు. మహిపాల్ అన్నిటికీ తల ఊపాడు కానీ కాగితం వెనక్కి తీసుకోలేదు. పైగా ఇంకో మాట కలిపాడు. బట్టీ తలుపుకి తాళం వేసి, ఆ తాళంచెవి హన్మయ్య దగ్గరే ఉంచాలి. పైనుంచి ఎవరు ఫోను చేసినా ఆయన సరేనంటేనే తలుపు తెరవాలి. ఈ సంగతి మందుల కంపెనీకి రాస్తే వాళ్ళకీ నమ్మకం కుదురుతుందన్నాడు. రామ్మోహనరావుకి ఆ చివరి ముక్క నచ్చింది. విసుగ్గా చెయ్యి ఊపి, సరే పొమ్మన్నాడు.

ఆ మధ్యాహ్నమే ట్రాలీ ఆటో మాట్లాడుకుని, ఎండుగడ్డి పరిపించి, మహిపాల్ చర్లపల్లికి స్వయంగా వెళ్ళాడు. కంపెనీ వాళ్ళు కాగితం చదివి ఆయన్నే పైకీ కిందికీ చూశారు. సరుకు పంపినవాడే వచ్చి, తప్పు నాదే, ఇచ్చెయ్యండి అనడం వాళ్ళు ఎన్నడూ చూడలేదు. చెయ్యి కాలినామె పేరు కమలకుమారి. కట్టుతోనే పనికి వచ్చింది. ఆమెకీ చెప్పాడు, చల్లారకముందే తీయించింది నేనేనమ్మా అని. ఆమె కోపంగా కాసేపు చూసి, మిగిలిన ఫ్లాస్కుల్ని మాత్రం రెండో చేత్తో జాగ్రత్తగా ఒక్కొక్కటే గడ్డిలోకి అందించింది. తిరిగి వచ్చేటప్పుడు గుంత వచ్చినప్పుడల్లా మహిపాల్ పెట్టె మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నాడు. నాచారం చేరాక ఇరవయ్యారూ బట్టీలో పెట్టి, కాల్చి, ఆర్పి, హన్మయ్య తాళం వేశాడు.

ఆదివారం యాట తెగలేదు. పదిహేను మందికీ ఏం చెప్పుకోవాలో తెలియక సురేష్ అక్కకి ఫోను మీద ఫోను చేశాడు. ఆమె ఎత్తలేదు.

సోమవారం మహిపాల్ పాత ప్యాంటు తొడుక్కుని, షెడ్డులో చివరి బర్నరు ముందు కూర్చున్నాడు. మంట కాంతికి కళ్ళు పోకుండా పెట్టుకునే ఊదా అద్దాల జోడు తగిలించుకున్నాడు. మిగతా ఎనిమిది బర్నర్ల దగ్గరా చేతులు పని చేస్తున్నాయి కానీ చూపులు ఇటే ఉన్నాయి. గాజు గొట్టం మంటలో పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. రెండు చేతులూ ఒకే వేగంతో తిరగాలి. కుడి చెయ్యి ముందుకు పోయింది, ఎడమ చెయ్యి వెనకపడింది. గాజు మెత్తబడి చెరుకు గడలాగా కిందికి వాలిపోయింది. ఎలాగోలా లేపి, ఊది, మెడ అతికి పక్కన పెట్టాడు.

హన్మయ్య వచ్చి దాన్ని పట్టకారుతో ఎత్తి, ఒక కన్ను మూసి చూసి, పెంకుల డబ్బాలో పడేశాడు. అది పగిలిన చప్పుడు షెడ్డంతా వినిపించింది.

"మెడ వంకరున్నది. ఇంకోటి తీస్కోరా," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు, ఎవరూ తల ఎత్తలేదు. మహిపాల్‌కి మాత్రం లోపల ఏదో కుదుటపడింది. రెండేళ్ళలో ఆయన చేసిన పనిని చూసి ఇది బాగాలేదు అని మొహం మీద చెప్పినవాడు లేడు. తప్పుకీ ఒప్పుకీ కలిపి సరే సార్ ఒక్కటే వినిపించేది. ఇప్పుడొకడు చూశాడు, బాగాలేదన్నాడు, ఇంకోటి తీసుకోమన్నాడు. ఇంకోటి తీసుకోవచ్చు. సంతోషంతో ఆయనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఊదా జోడు ఉండబట్టి సరిపోయింది.

ఆ రోజు ఆరు పగిలాయి. రెండు వేళ్ళు కాలాయి. ఇంటికి వెళ్ళి, అన్నం తిని, తొమ్మిదింటికే నిద్రపోయాడు. మంగళవారం నాలుగు పగిలాయి. ఐదోదాన్ని హన్మయ్య ఇటు తిప్పి అటు తిప్పి చూసి, తీసుకెళ్ళి తన సామాను పక్కన బట్టీలో పెట్టాడు.

బుధవారం పొద్దున సంతోషి టిఫిన్ డబ్బా ఇవ్వలేదు. మరిచిపోలేదు, ఇవ్వలేదు. మొగుడు అడక్కుండా వెళ్ళిపోయాడు. అడిగి ఉంటే ఆమె ఏదో ఒక మాట అని తేలికపడేది. పదకొండు దాటేసరికి ఆమెకి ఇంట్లో కాలు నిలవలేదు. జొన్నరొట్టెలు చేసి, వంకాయకూర పెట్టి, డబ్బా మూత బిగించి, షేరింగ్ ఆటో ఎక్కింది.

పెళ్ళయి పన్నెండేళ్ళయినా ఆమె ఆ ఫ్యాక్టరీ లోపలికి రావడం అదే మొదటిసారి. వాచ్‌మన్ షెడ్డు వైపు చూపించాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే వేడి ముఖానికి కొట్టింది. సామాను కడిగే త్రివేణి ఎదురొచ్చి, ఎవరో తెలుసుకుని, గొంతు తగ్గించి చెప్పింది.

"జర ఆగక్కా. అన్న ఊదుతుండు. ఊదేటప్పుడు పిలువద్దు."

సంతోషి ఆగింది. షెడ్డు చివర మహిపాల్ కూర్చుని ఉన్నాడు. నోట్లో సన్నటి రబ్బరు గొట్టం. దాని రెండో కొస చేతుల్లో తిరుగుతున్న గాజుకి తగిలించి ఉంది. నీలం మంట గాజుని తాకిన చోట పసుపుపచ్చగా లేస్తోంది. రెండు చేతులూ తిరుగుతున్నాయో లేదో తెలియనంత సమంగా తిరుగుతున్నాయి. గాజు ఎర్రబడింది, మెత్తబడింది. ఆయన మంటలోంచి బయటికి తీసి చెంపలు కొద్దిగా నింపాడు. గాజు మధ్యలో బుగ్గ లేచింది. అది నిమ్మకాయంత అయింది, బత్తాయంత అయింది, అన్ని వైపులా ఒకే తీరుగా గుండ్రంగా పెరిగింది. ఇంకొక్క ఊపిరి ఎక్కువైతే చిట్లుతుందని చూసేవాళ్ళకే తెలుస్తోంది. అక్కడ ఆపాడు. ఆపాక కూడా చేతులు తిరుగుతూనే ఉన్నాయి.

ఇంట్లో రెండేళ్ళుగా ఫోను వైపు బెదురుగా చూసే మనిషి కాదు ఇతను. భుజాలు దిగి ఉన్నాయి. కనుబొమల మధ్య ముడి లేదు. చుట్టూ ప్రపంచం ఉందన్న సంగతే పట్టనట్టు, ఆ గాజు బుడగ ఒక్కటే చూసుకుంటూ కూర్చున్నాడు. ఇలాంటి పని చేసేవాడి పెళ్ళాన్నని ఎవరో అంటే తను అన్నేళ్ళు తల దించుకుందా అనుకుంది సంతోషి. ఆమెకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

చేతిలో ఫోను మోగింది. సురేష్. మూడు రోజులుగా వదలకుండా చేస్తున్నాడు. ఈసారి ఎత్తింది.

ఓనరుకి తెలిసినవాళ్ళని తను పట్టుకున్నాడట. చర్లపల్లి పోస్టు ఇంకా ఖాళీగానే ఉందట. బావ ఒక్క మాట మాట్లాడితే చాలు, అన్నీ మళ్ళీ సర్దుకుంటాయట. ఇప్పుడే బావకి ఫోను ఇవ్వమన్నాడు.

"ఇప్పుడియ్యను. పన్ల ఉన్నడు," అంది సంతోషి.

జనరల్ మేనేజరు పోస్టు కంటే ముఖ్యమైన పని ఏముందని సురేష్ అడిగాడు.

"మీ బావ గాజు ఊదుతుండు. నేను సూస్తున్న," అంది. "నువ్వు తర్వాత చెయ్యి."

ఫోను ఆపి, టిఫిన్ డబ్బాని కాళ్ళ దగ్గర పెట్టి, ఇంకా బాగా కనిపించడానికి ఆమె రెండడుగులు ముందుకు వెళ్ళి నిలబడింది.